కళాశాల క్రీడా శిక్షకుని బాధ్యత

అమెరికా కళాశాల క్రీడలలో జట్టు నడవడికి ప్రధాన శిక్షకుడు, అనగా హెడ్ కోచ్, ఎంతవరకు జవాబుదారీ అన్నది చాలాకాలంగా వివాదాస్పదమైన విషయం. ఈ క్రీడలను నియంత్రించే ఎన్.సి.ఎ.ఎ. నియమాల ప్రకారం 2013 నుండి సహాయకుల తప్పులకు కూడా ప్రధాన శిక్షకుడే బాధ్యుడు. అయితే ఇది ఆటగాళ్ళ ఎంపిక, అక్రమ చెల్లింపులు, చదువులో మోసం వంటివాటికే వర్తిస్తుంది. మైదానం వెలుపల ఆటగాడు చేసే నేరం దీని పరిధిలోకి రాదు.

ఈ లోటు టెక్సాస్ రాష్ట్రం వేకో నగరంలోని బేలర్ విశ్వవిద్యాలయ ఉదంతంలో బయటపడినది. అక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్ళపై వచ్చిన లైంగిక దాడి ఆరోపణలను కొన్ని సందర్భాలలో జట్టు సిబ్బంది సంబంధిత అధికారులకు తెలియజేయలేదని విశ్వవిద్యాలయం నియమించిన న్యాయవాదుల విచారణలో తేలినది. 2016 మే నెలలో శిక్షకుడు ఆర్ట్ బ్రైల్స్‌ను తప్పించారు. కెన్ స్టార్ అధ్యక్ష పదవి కోల్పోయాడు. 2021 ఆగస్టులో ఎన్.సి.ఎ.ఎ. విచారణ సంఘం బ్రైల్స్ ఆరా తీయని వైఖరిని తప్పుపట్టినది గాని, నియమోల్లంఘన రుజువు కాలేదని అతనికి శిక్ష విధించలేదు. ఫిర్యాదు చేసిన విద్యార్థినులకు దీనివలన ఒరిగినదేమీ లేదు.

ఆటగాని నేరం ఆటగానిదే. కాని అతనిని జట్టులో ఉంచుటయా, తొలగించుటయా అన్నది శిక్షకుని చేతిలోని పని గనుక, తెలిసి మిన్నకుండుట వేరే తప్పు. టెక్సాస్ రాష్ట్రం 2019లో చేసిన చట్టం ఈ రెండవదానినే పట్టుకున్నది: లైంగిక దాడి గురించి తెలిసిన కళాశాల ఉద్యోగి, శిక్షకుడైనా సరే, దానిని నిర్ణీత అధికారికి నివేదించకపోతే నేరము, ఉద్యోగము కూడా పోవును.