అల్యూమినియం చెప్పిన లెక్క

వంటింట్లో మనం వాడే అల్యూమినియానికి భౌతిక శాస్త్రంలో ఓ చక్కని చరిత్ర ఉందండీ.

ఎలక్ట్రాన్లకు స్పిన్ అనే గుణం ఉంటుంది. పై స్పిన్, కింది స్పిన్ అని రెండు రకాలు. అయస్కాంతంలోంచి వచ్చే కరెంటులో ఏది ఎంత ఎక్కువ? 1971లో ఎం.ఐ.టి.లో టెడ్రో, మెసర్వీ నికెల్‌కు పల్చటి అల్యూమినియం పొరను ఎలక్ట్రోడ్‌గా జోడించారు. మధ్యలో అడ్డుగోడ అల్యూమినియం ఆక్సైడే. బాగా చల్లబరిస్తే అల్యూమినియం సూపర్‌కండక్టర్ అవుతుంది. అయస్కాంత క్షేత్రంలో దాని శక్తి స్థాయిలు స్పిన్‌ను బట్టి రెండుగా చీలతాయి. ఒక్కో స్పిన్‌కు ఒక్కో వాకిలి అన్నమాట. ఏ వాకిట్లోంచి ఎంత కరెంటు వచ్చిందో చూస్తే సరి. సీసం పనికిరాదా అంటారేమో, అంత బరువైన అణువుల్లో స్పిన్లు కలగాపులగం అయిపోతాయి. నికెల్‌కు అప్పటి సిద్ధాంతం మైనస్ అంది, కొలత ప్లస్ చూపింది!

1998లో నయోబియం సూదిమొనతో క్రోమియం డయాక్సైడ్‌లో 90 శాతం కొలిచారు. సులువైన పద్ధతే, కానీ ప్లస్సో మైనస్సో చెప్పదు. నా ఓటు అల్యూమినియానికే. 2000లో స్టాన్‌ఫర్డ్‌లో వర్లెడ్జ్, గెబాల్ దానితోనే స్ట్రాన్షియం రుథినేట్ పొరలో మైనస్ 9.5 శాతం కొలిచారు. అంటే ఆ ఆక్సైడ్‌లోంచి వచ్చే కరెంటులో ఎదురు స్పిన్ వాళ్ళదే పైచెయ్యి.