రుమటాయిడ్ ఆర్థరైటిస్: తెలుగు జనాభాలో జన్యు పరిశోధన

రుమటాయిడ్ ఆర్థరైటిస్ (వాడుకలో కీళ్లవాతం) అనేది రోగనిరోధక వ్యవస్థ సొంత కీళ్ల పొరలపైనే దాడి చేసే దీర్ఘకాలిక వ్యాధి. పొద్దున లేవగానే వేళ్లు గంటకు పైగా బిగుసుకుపోవడం, రెండు చేతుల చిన్న కీళ్లూ ఒకేలా వాచడం దీని ముఖ్య లక్షణాలు. వయసుతో మోకాళ్లు అరిగిపోవడం వేరు, ఇది వేరు. ఢిల్లీ ప్రాంత గ్రామాల్లో ఎ.ఎన్. మాలవీయ బృందం జరిపిన సర్వే (1993) ప్రకారం పెద్దవారిలో 0.75 శాతం మందికి ఈ జబ్బు ఉంది. ముప్పులో సగానికి పైగా వాటా జన్యువులదేనని కవలల అధ్యయనాలు అంచనా వేశాయి. అయినా ఆ జన్యువుల గురించిన సమాచారంలో ఎక్కువ భాగం యూరప్ మూలాల ప్రజల నుంచి వచ్చిందే.

తొలి ఆధారాలు

ఈ వ్యాధికీ హెచ్‌ఎల్‌ఏ జన్యువులకూ ఉన్న సంబంధాన్ని 1970లలో అమెరికాలో పీటర్ స్టాస్ట్నీ గుర్తించారు. 1987లో గ్రెగర్సన్, సిల్వర్, విన్‌చెస్టర్ దానికి కారణాన్ని ప్రతిపాదించారు. హెచ్‌ఎల్‌ఏ అణువు ప్రోటీన్ ముక్కలను తన గాడిలో పట్టుకుని రక్షక కణాలకు చూపిస్తుంది. హెచ్‌ఎల్‌ఏ జన్యువుల్లో ఒకటైన డీఆర్‌బీ1 తయారుచేసే ప్రోటీన్‌లో 70 నుంచి 74 వరకు స్థానాల్లో ఉన్న ఐదు అమైనో ఆమ్లాలు ఒక ప్రత్యేక వరుసలో ఉంటే ముప్పు పెరుగుతుంది. దీన్నే ‘షేర్డ్ ఎపిటోప్’ అంటారు. 2004లో పీటీపీఎన్22 జన్యువులో మరో మార్పు బయటపడింది. యూరప్ ప్రజల్లో ముఖ్యమైన ఈ మార్పు జపాన్‌లో దాదాపు కనిపించదు, భారతీయుల్లో చాలా అరుదు. ఒకచోట తయారైన జాబితా అందరికీ సరిపోదని దీంతో స్పష్టమైంది.

భారతీయ అధ్యయనాలు

యూరప్ రోగుల్లో డీఆర్‌బీ1*04:01 రకం ప్రధానం. భారతీయ రోగుల్లో *04:05, *10:01 రకాలకు సంబంధం ఉందని ఎయిమ్స్‌కు చెందిన ఎన్.కె. మెహ్రా, ఆయన సహచరులు 1996లో చూపారు. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన బి.కె. థెల్మా బృందం 2013లో ఉత్తర భారతీయుల మొత్తం జన్యుపటాన్ని గాలించి ఈ జబ్బుతో ముడిపడిన ఏఆర్‌ఎల్15 అనే జన్యువును కొత్తగా గుర్తించింది. 2014లో వెలువడిన భారీ అంతర్జాతీయ అధ్యయనం 101 జన్యుస్థానాలను లెక్కతేల్చింది. అందులో పాల్గొన్నవారు మాత్రం యూరప్, తూర్పు ఆసియా మూలాలవారు. 2022 నాటి అధ్యయనంలో దక్షిణాసియా, ఆఫ్రికా, అరబ్ ప్రజలకూ చోటు దక్కింది. స్థానాల సంఖ్య 124కు చేరింది.

తెలుగువారి జన్యు సమాచారం

2015లో పూర్తయిన ‘వెయ్యి జన్యుపటాల’ ప్రాజెక్టులో బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువారు ఒక ప్రత్యేక సమూహం. వారి ఆరోగ్య వివరాలు సేకరించలేదు కనుక ఏ మార్పు ఎంతమందిలో ఉందో తెలుస్తుంది గానీ, ఎవరికి ఏ జబ్బుందో తెలియదు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్త కె. తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందాలు 2009లోనూ 2017లోనూ ముఖ్యమైన విషయం వెల్లడించాయి. తరతరాలుగా కులంలోనే పెళ్లిళ్లు చేసుకోవడం వల్ల వైశ్యుల వంటి సమూహాల్లో కొన్ని అరుదైన మార్పులు పేరుకున్నాయి. అలాంటి మార్పులు యూరప్ జాబితాలో దొరకకపోవచ్చు. 2020లో మొదలైన జీనోమ్ ఇండియా ప్రాజెక్టు సేకరించిన దాదాపు పదివేల మంది భారతీయుల జన్యుపటాల సమాచారం 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది.

శ్రీరాంపూర్ ప్రాంతం

మంచిర్యాల జిల్లా శ్రీరాంపూర్ సింగరేణి బొగ్గుబాయిల ఊరు. ఈ ప్రాంతం ఒకప్పుడు భాగంగా ఉన్న ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా ఆదివాసులైన గోండులు, కోలాములు, నాయకపోడులకు కూడా నిలయం. మధ్య భారత గోండుల భాష ద్రావిడమైనా, జన్యుపరంగా వారు ముండా భాషల ప్రజలకు దగ్గరని 2017లో వచ్చిన అధ్యయనం తేల్చింది. అంటే భాషను బట్టి జన్యు ముప్పును ఊహించడం తగదు.

జన్యువు ఒక్కటే జబ్బు తేదు. షేర్డ్ ఎపిటోప్ ఉన్నవారు పొగతాగితే ముప్పు బాగా పెరుగుతుందని స్వీడన్ పరిశోధకులు 2006లో చూపారు. సిలికా ధూళి కూడా ముప్పు కారకమే. కీళ్లవాతం ఉన్న సౌత్ వేల్స్ బొగ్గు కార్మికుల ఊపిరితిత్తుల్లో గుండ్రని గడ్డలను ఆంథొనీ కాప్లాన్ 1953లోనే వర్ణించారు. బాయి ధూళి, బీడీ పొగ, భిన్న జన్యు మూలాలు ఒకేచోట కలిసే శ్రీరాంపూర్ వంటి ప్రాంతాల్లో ఈ పరిశోధన అత్యవసరం. ఆరోగ్యవంతుల జన్యుపటాలతో పాటు, ఇక్కడి రోగుల నమూనాలు కూడా వారి సమ్మతితో చేరాలి. అప్పుడే ముప్పు ఎవరికి ఎక్కువో ఇక్కడి ప్రజల లెక్కలతోనే చెప్పగలం, కీళ్లు వంకర్లు పోకముందే మందులు మొదలుపెట్టగలం.