అభ్యంతరం చెప్పే హక్కు

కొల్లేటి లంకల్లో తగువు ఎలా తీరుస్తారో చిన్నప్పుడు ఒక్కసారి చూశాను. రామాలయం అరుగు మీద నలుగురు పెద్దమనుషులు. ఇరుపక్షాలూ ముందే ధరావతు కట్టేశాయి. తీర్పు కాదంటే ఆ డబ్బు పోయినట్టే. గొడవ వలల గురించో పడవ గురించో గుర్తులేదు. ఒక కుర్రాడు మాత్రం లేచి, "ఆయన ఆళ్ళకి వియ్యంకుడు గదండీ, ఆయనే తీర్పు చెప్తే ఎట్టాగండీ?" అన్నాడు. "కూర్చోరా" అన్నారు. కూర్చున్నాడు.

చాలా ఏళ్ళ తర్వాత పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ తిరగేస్తుంటే ఆ కుర్రాడి ప్రశ్న అక్కడ కనపడింది.

ఊరివాళ్ళ చేతే తీర్పు చెప్పించాలన్న ఆలోచన మద్రాసు ప్రెసిడెన్సీలో పాతదే. థామస్ మన్రో పూనికతో 1816లో వచ్చిన రెగ్యులేషన్లు గ్రామ మునసబులకీ, గ్రామ పంచాయితీలకీ చట్టబద్ధత ఇచ్చాయి. పంచాయితీకి వెళ్ళాలంటే ఇరుపక్షాలూ ఒప్పుకోవాలి. 1827లో, మన్రో చనిపోయిన ఏడాదే, క్రిమినల్ కోర్టుల్లో జ్యూరీ ప్రవేశపెట్టడానికి ఇంకో రెగ్యులేషన్ వచ్చింది.

1898 కోడ్ నాటికి పద్ధతి స్పష్టంగా స్థిరపడింది. సెషన్స్ జడ్జీ, కలెక్టరూ కలిసి 21 నుంచి 60 ఏళ్ళ మగవాళ్ళ జాబితా తయారుచేసేవారు. సమన్లు అందుకుని వచ్చినవాళ్ళలోంచి చీటీలు తీసి జ్యూరర్లని ఎంచేవారు. ఒక్కో పేరు పిలిచినప్పుడల్లా ముద్దాయిని అడగాలి: ఇతని మీద నీకు అభ్యంతరం ఉందా?

ఆ అభ్యంతరాల పట్టిక చదివి తీరాల్సింది. పక్షపాతం ఉందన్న అనుమానం, పోలీసు పని, పాత శిక్ష సరే. సాక్ష్యం చెప్పే భాష రాకపోవడమూ ఒక కారణమే. వ్రతం పట్టి లోక వ్యవహారాలు వదిలేసిన సన్యాసి కూడా పనికిరాడు. లోకంతో పేచీ పడేవాడే లోకం తగువు తీర్చాలన్నమాట.

అలాగని అదేమీ స్వర్ణయుగం కాదు. జ్యూరీ ఎక్కడ, ఏ నేరాలకి ఉండాలో ప్రభుత్వమే చెప్పేది. జ్యూరీ లేనిచోట అసెసర్లు కూర్చునేవారు, వాళ్ళ మాటకి జడ్జి కట్టుబడక్కర్లేదు. 1955లో అసెసర్లని తీసేశారు. జ్యూరీ తీర్పు జడ్జికి నచ్చకపోతే కేసు హైకోర్టుకి పంపొచ్చు. 1959లో బొంబాయి నానావతి కేసులో జరిగింది అదే: తొమ్మిదిమందిలో ఎనిమిదిమంది నిర్దోషి అన్నారు, జడ్జి ఒప్పుకోలేదు, హైకోర్టు శిక్ష వేసింది. అప్పటికే, 1958లో, లా కమిషన్ జ్యూరీ వద్దంది. 1974 ఏప్రిల్ 1న కొత్త కోడ్ అమల్లోకి వచ్చాక జ్యూరీ కనపడలేదు, పార్సీల వివాహ కోర్టుల్లో కూర్చునే డెలిగేట్లు తప్ప.

జ్యూరీ పోయినందుకు నాకు పెద్ద దిగుల్లేదు. ఆడవాళ్ళని పక్కన పెట్టడంలో ఆ కోర్టూ, మా లంక అరుగూ ఒకటే. పోయిందల్లా ఆ ఒక్క ప్రశ్న. లంకలో తీర్పరులని పరపతి ఎంచుతుంది. కాదన్నవాడికి తప్పు కట్టాల్సి రావచ్చు, వెలి పడొచ్చు. పక్కింటివాళ్ళు నిప్పూ నీళ్ళూ ఇవ్వని చోట అప్పీలుకి ఎక్కడికెళ్తాడు?

చీటీకి పరపతి తెలీదు. దాని న్యాయమంతా అందులోనే ఉంది. ఆ కుర్రాడిని ఎవరూ పేరుపెట్టి పిలిచి, "నీకేమన్నా అభ్యంతరముందా అబ్బాయ్?" అని అడగలేదు. తనే లేచి అడిగాడు.