దుర్గి శాసనమునందలి పట్టోద్ధతి

పలనాఁడనఁగనే కారంపూడియు, నాగులేటి యొడ్డున జరిగిన వీరసంగ్రామమును జనులకు స్ఫురించును. క్రీస్తుశకము 12-వ శతాబ్ది యుత్తరార్ధమున నలగామరాజునకును, సవతి తమ్ముఁడగు మలిదేవరాజునకును గలిగిన దాయభాగ వివాదమే యా యుద్ధమునకు మూలము. కారంపూడి వీరారాధనము నేఁటికిని కార్తికమాసమున నడచుచున్నది. రాజ్యదాయమును గూర్చియే యీ సీమ యిచ్చు రెండవ సాక్ష్యము, కారంపూడికిఁ బడమటనున్న దుర్గి గ్రామపు 1269-వ సంవత్సర శాసనము.

కాకతి గణపతిదేవునకుఁ బుత్రసంతానము లేదు. కూఁతులలో గణపాంబ ధరణికోట యేలిన కోట బేతరాజును బెండ్లాడెను. రుద్రమదేవి భర్త నిడుదవోలి చాళుక్య వీరభద్రుఁడు. గణపతిదేవుఁడు రాజ్యమును అల్లుని కీయక కూఁతునకే నిర్ణయించెను. ఇంచుమించుగా 1262 నుండి యామె తండ్రితోఁ గూడి పాలనభారము వహించెను. పెక్కు శాసనములలో నామె రుద్రదేవ మహారాజని పుంలింగముననే వ్యవహరింపఁబడినది.

దుర్గి శాసనము కాకతీయ సామంతుఁడైన కాయస్థ జన్నిగదేవుని కాలమునాఁటిది. ఇందు రుద్రమదేవికిఁ బట్టోద్ధతి యను విశేషణము గలదు. ఉత్పూర్వకమగు హన్ ధాతువుపైఁ గ్తిన్ ప్రత్యయము చేరఁగా ఉద్ధతి శబ్ద మేర్పడును. ఔన్నత్యము దాని యర్థము. క్తిన్నంతము నిత్యస్త్రీలింగము గావున, లింగమును బట్టి యీ పదమునుండి యేమియు సాధింపరాదు. అర్థమే ప్రధానము. పట్టమున కెన్నుకొనఁబడియు నింకను అభిషిక్త గానిదని చరిత్రకారులు దీనిని వ్యాఖ్యానించిరి. పాలనము చేపట్టి యేడేండ్లు గడచినను ఈ బిరుదము నిలిచెననఁగా, అధికారము వేఱు, అభిషేకము వేఱు అని తేలుచున్నది. తండ్రి యప్పటికి జీవించియుండుటయే యిందులకుఁ గారణమని యూహింపవచ్చును.

ఈ పదమునకు మఱియొక ప్రయోజనము గలదు. వెనీసు యాత్రికుఁడు మార్కోపోలో మోటుపల్లి రాజ్యమును వర్ణించుచు, రాణిని మృతుఁడైన రాజు భార్యగాఁ జెప్పెను. పట్టోద్ధతి శబ్ద మా భ్రమను దొలఁగించుచున్నది. భర్త మరణించుటచే రాజ్యము పొందిన వితంతువు గాదామె. తండ్రి జీవితకాలముననే నియుక్తయైన వారసురాలు.

విధివిచిత్ర మేమనఁగా, ఆమె యుత్తరాధికారమునకు సాక్ష్యము మిగిల్చిన కాయస్థ కుటుంబమే యామెకు శత్రువును గన్నది. జన్నిగదేవుని తమ్ముఁడు త్రిపురారిదేవుఁడు. వాని తరువాత 1272 ప్రాంతమున నధికారమునకు వచ్చిన అంబదేవుఁడు క్రమముగాఁ గాకతీయులను ధిక్కరించెను. 1289 నవంబరు నాఁటి చందుపట్ల శాసనము రుద్రమదేవియు, సేనాని మల్లికార్జున నాయకుఁడును శివలోకగతులైనట్లు చెప్పుచున్నది. అంబదేవునితోడి యుద్ధముననే యిరువురును మడిసిరని పండితుల యభిప్రాయము.

అయినను గణపతిదేవుని నిర్ణయము వ్యర్థము కాలేదు. రుద్రమదేవి కూఁతురు ముమ్మడమ్మ కొడుకైన ప్రతాపరుద్రుఁడు సింహాసన మెక్కి 1323 వఱకు నేలెను. కారంపూడి రణభూమిలో అన్నదమ్ముల దాయము కులక్షయమునకుఁ గారణమయ్యెను. దాని చెంతనే దుర్గి శిల కూఁతునకు సంక్రమించిన దాయమును దెలుపుచున్నది. ఆ దాయము మునిమనుమని వఱకును నిలిచినది. పలనాటి చరిత్రము వ్రాయువారు వీరగాథతోపాటు ఈ శాసనమును గూడ ముందుంచుకొనుట యుక్తము.