గోల్ఫ్ మైదానానికి గీటురాయి

గోల్ఫ్ మైదానం మంచిదా కాదా అని తేల్చే కొలమానం తరానికోసారి మారింది. మొదట్లో నేలే గీటురాయి. స్కాట్లాండ్ సముద్రతీరపు ఇసుక నేలలో వాన నీరు నిలవదు, గడ్డి పొట్టిగా, దట్టంగా పెరుగుతుంది. బంతి చక్కగా దొర్లుతుంది. అక్కడి సెయింట్ ఆండ్రూస్ 1764లో తన 22 హోల్స్‌ను 18కి తగ్గించింది. ఆ తర్వాత లోకమంతా అదే లెక్క పట్టుకుంది.

1829లో కలకత్తా క్లబ్బుతో ఆట మన దేశానికొచ్చింది, కానీ స్కాట్లాండ్ నేల రాలేదు. గన్నవరం దిగువన కృష్ణా డెల్టా రైతుకు ఈ చిక్కు బాగా తెలుసు: నల్లరేగడి వానకు బురద, ఎండకు నెర్రెలు. అలాంటి చోట మైదానం నాణ్యత మురుగు కాలువతోనే మొదలవుతుంది.

1920లో అలిస్టర్ మెకంజీ అనే వైద్యుడు తన పుస్తకంలో చర్చను ఆటగాడి వైపు తిప్పాడు. గట్టివాడికి పరీక్ష ఉండాలి, బలహీనుడికీ ఒక దారి ఉండాలి, చేత్తో చేసిన దిబ్బలు కూడా సహజంగా కనబడాలి అన్నాడు.

ఆపైన అంకెలొచ్చాయి. 1935లో ఎడ్వర్డ్ స్టింప్సన్ గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) వేగాన్ని కొలిచే పరికరం తయారుచేశాడు. ఇప్పుడు వాడేది గాడి ఉన్న మూడడుగుల అల్యూమినియం పట్టీ. పైకొసన ఉన్న నొక్కులో బంతి పెట్టి, అది జారేదాకా పట్టీని మెల్లగా ఎత్తుతారు. బంతి ఎన్ని అడుగులు దొర్లితే వేగం అంత. ఎదురు దిశలోనూ కొలిచి సగటు తీస్తారు. 1966లో ఒక అమెరికన్ పత్రిక 200 కఠినమైన మైదానాల జాబితా వేసింది. కష్టమైనదే గొప్పదన్న భ్రమకు అది బలమిచ్చింది. తర్వాతి జాబితాల్లో అందం, వైవిధ్యం, నిర్వహణకూ మార్కులు వచ్చాయి.

ఈ కొలతల్లో ఏదీ గోల్కొండ నయాఖిలా మైదానానికి చాలదు. 1656 నాటి మొగలుల ముట్టడి తర్వాత కట్టిన ఆ కోటలో, వందల ఏళ్ల బావోబాబ్ చెట్టు ఉన్నచోటే ఇప్పుడు 18 హోల్స్ కోర్సు ఉంది. ప్రాచీన కట్టడాలకు హాని జరుగుతోందని వారసత్వ ప్రేమికులు ఏళ్లుగా అభ్యంతరం చెబుతున్నారు. గ్రీన్ ఎంత నున్నగా ఉన్నా, ఆ అభ్యంతరానికి జవాబు చెప్పలేని మైదానానికి పూర్తి మార్కులు వేయలేం.

రేపు కృష్ణా తీరంలో ఎవరైనా కోర్సు వేస్తామంటే ముందు అడగాల్సింది గ్రీన్ వేగం కాదు. వేసవిలో గడ్డికి నీరెక్కడిది, వానకాలం మురుగు ఎవరి పొలం మీద పడుతుంది, క్లబ్బు సభ్యుడు కాని కుర్రాడు అక్కడ ఆట నేర్చుకోగలడా అని అడగాలి. ఈ మూడింటికీ నికరమైన జవాబున్న మైదానమే నా లెక్కలో మంచి మైదానం.