జంట తాళం నుంచి కంప్యూటరు తాళం దాకా

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర రాసి పంపమని కార్యదర్శి గారు కోరారు. మా బారువ రేవు గురించో, మహేంద్రతనయ సముద్రంలో కలిసే చోటు గురించో, కొబ్బరి తోటల గురించో రాస్తానని ఆయన అనుకొని ఉంటారు. వాటి మీద రాయడానికి నాకంటె పెద్దలు, తెలిసినవారు ఉన్నారు. గుమాస్తాగా బతికిన నాకు బాగా తెలిసిన వస్తువు తాళం. అందుచేత తాళం చరిత్రే రాస్తున్నాను.

ఈ చరిత్ర ఇనప తాళంతో మొదలై, కంటికి కనిపించని కంప్యూటరు తాళం దాకా వస్తుంది. మా మేనల్లుడు ఒకడు బెంగుళూరులో ఆ కనిపించని తాళాలను బాగుచేసే ఉద్యోగం చేస్తున్నాడు. పండక్కి వచ్చినప్పుడల్లా అతను చెప్పిన సంగతులను, నేను చదివి తెలుసుకున్నవాటిని కలిపి, మన ఆఫీసు భాషలో చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ఖజానా తాళం

ట్రెజరీలో పనిచేసిన మిత్రులకు డబుల్ లాకు సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. ఇతర శాఖలవారి కోసం, ఇంట్లో ఈ సంచిక చదివే పిల్లల కోసం చెబుతాను. స్టాంపులు, విలువైన కాగితాలు ఉండే స్ట్రాంగు రూముకు రెండు తాళాలు. ఒక తాళంచెవి అధికారి దగ్గర, రెండోది షరాబు దగ్గర. ఇద్దరూ వస్తేనే తలుపు తెరుచుకుంటుంది. రోజువారీ అమ్మకానికి కావలసినంత మాత్రం బయటికి తీసి సింగిల్ లాకులో పెట్టుకునేవారు. దానికొక రిజిస్టరు, దీనికొక రిజిస్టరు. మారు తాళంచెవులకు సీలు వేసి వేరేచోట భద్రపరిచేవారు.

మనిషి మీద అనుమానంతో ఈ ఏర్పాటు చేశారని కొత్తగా చేరిన కుర్రవాళ్ళు అనుకునేవారు. నిజానికి నిజాయితీపరుడికి అదే రక్ష. తాళం వేయడం నిమిషం పని. తాళంచెవి ఎవరి దగ్గర ఉంది, ఎప్పుడు తిరిగి ఇవ్వాలి, చెవి పట్టుకున్న మనిషి రాకపోతే ఏం చెయ్యాలి? ఈ మూడు ప్రశ్నలకు జవాబు రాయడానికే మన కోడు పుస్తకాల్లో అన్ని పేజీలు పట్టాయి. ఇకమీదట చెప్పబోయేదంతా ఈ మూడు ప్రశ్నల కథే.

రైలు గోళం

ఖజానా తాళం ఒక గది తలుపుకు సంబంధించినది. మైళ్ళ దూరంలో ఉన్న రెండు చోట్లకు కలిపి ఒకే తాళం వేయవలసి వస్తే? ఆ అవసరం మొదట రైళ్ళకు వచ్చింది.

మన తీరం వెంట కటకం నుంచి బెజవాడ దాకా రైలు మార్గం 1893 నుంచి 1896 వరకు దశలవారీగా తెరిచారు. సోంపేట, బారువ, మందస రోడ్డు స్టేషన్లు ఈ మార్గం మీదివే. జంట లైను రాకముందు రెండు స్టేషన్ల నడుమ ఒకటే పట్టాల జత. ఇటునుంచి ఒక బండి, అటునుంచి ఒక బండి ఒకేసారి బయలుదేరితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఇంగ్లండులో థోర్ప్ అనే చోట 1874 సెప్టెంబరు 10న సరిగ్గా అదే జరిగింది. తంతి కబురులో పొరపాటు వల్ల రెండు బండ్లు ఎదురెదురుగా ఢీకొని 25 మంది చనిపోయారు. ఆ తరువాత 1878లో ఎడ్వర్డు టయర్ అనే ఆయన ఒక యంత్రం కనిపెట్టాడు. రెండు స్టేషన్లలో రెండు పెట్టెలు, వాటి మధ్య విద్యుత్ తీగ. రెండింటిలోనూ బిళ్ళలు ఎన్ని ఉన్నా, ఒకసారికి ఒక్కటే బయటికి వస్తుంది. అది తిరిగి ఏదో ఒక పెట్టెలో పడేదాకా రెండోది రాదు.

మన దేశంలో ఒంటి లైన్ల మీద ఇదే సూత్రంతో పనిచేసే నీల్స్ యంత్రం వాడారు. అందులో బిళ్ళకు బదులు ఉక్కు గోళం ఉంటుంది. గోళాన్ని తోలు సంచిలో పెట్టి, ఆ సంచిని పెద్ద వలయానికి కట్టి డ్రైవరుకు అందించేవారు. నడుస్తున్న బండిలోంచి చెయ్యి చాచి దాన్ని అందుకోవడం మనలో చాలామంది చిన్నప్పుడు చూసిందే. ఆ గోళం చేతిలో లేనిదే బండి కదలదు. పై అధికారి ఎవరూ దగ్గర లేకుండా, రెండు స్టేషన్లు తమలో తాము మాట్లాడుకొని వేసుకొన్న తాళం అది.

ఒక బెర్తు, ఇద్దరు ప్రయాణికులు

తరువాతి అవసరం కూడా రైల్వేలోనే వచ్చింది. పూర్వం ఒక బండి రిజర్వేషను పుస్తకం ఒక స్టేషనులో ఉండేది. మిగతా స్టేషన్లకు కోటాలు, లేదా తంతి కబుర్లు. పుస్తకం ఒకటే కాబట్టి రాసే చెయ్యీ ఒకటే. 1985-86లో ఢిల్లీలో రిజర్వేషను కంప్యూటర్లకు ఎక్కింది. 1994లో సికింద్రాబాదులో కాన్సర్ట్ అనే కొత్త ఏర్పాటు మొదలైంది. 1999లో ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాదు కేంద్రాలు అయిదింటినీ కలిపేశారు. పలాసలో కూర్చొని ఎక్కడినుంచి ఎక్కడికైనా టిక్కెట్టు తీసుకొనే రోజులు అలా వచ్చాయి.

ఇక్కడ చిక్కు చూడండి. ఇద్దరు గుమాస్తాలు రెండు ఊళ్ళలో ఒకే క్షణాన 23వ బెర్తు ఖాళీగా ఉందని చూశారు. ఇద్దరూ ఇచ్చేశారు. పొద్దున్న స్టేషనులో కొట్లాటే. కాబట్టి ఒకరు చూసి రాసేంతవరకు రెండోవారిని ఆపాలి. ఆ ఆపడమే కంప్యూటరు తాళం.

మన రిజర్వేషను వ్యవస్థకు వాడినవి అమెరికాలోని డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ వారి యంత్రాలు. వాటిని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ పేరు వి.ఎం.ఎస్. అనేక యంత్రాలు కలిసి ఒకే కార్యాలయంలా పనిచేస్తూ, ఒకే తాళాల పద్దు పాటించే సదుపాయం 1984లో వచ్చిన వి.ఎం.ఎస్. 4.0తో మొదలైంది. దాన్ని డిస్ట్రిబ్యూటెడ్ లాక్ మేనేజరు అన్నారు. పంచి ఉంచిన తాళాల గుమాస్తా అని నేను అనుకుంటాను. ఒక్కొక్క వస్తువు తాళం లెక్క ఏదో ఒక యంత్రం దగ్గర ఉంటుంది. ఎవరి దగ్గర ఉందో చెప్పే సూచిక వేరే ఉంటుంది. అందరి లెక్కా ఒకే యంత్రం నెత్తిన పడదు.

ఆ గుమాస్తా దగ్గర తాళాలు ఆరు రకాలు. మన భాషలో చెబుతాను. ఒకటి, ప్రస్తుతానికి నాకు ఫైలు వద్దు, నా పేరు మాత్రం పద్దులో ఉంచండి. రెండు, నేను చదువుతాను, ఇతరులు రాసుకున్నా ఫరవాలేదు. మూడు, నేను రాస్తాను, ఇతరులు కూడా రాసుకోవచ్చు. నాలుగు, నేను చదివినంతసేపు ఎవరూ రాయకూడదు. అయిదు, నేనొక్కణ్ణే రాస్తాను, చూసేవారు చూడవచ్చు. ఆరు, ఫైలు నా బల్ల మీదే ఉండాలి, ఎవరూ తొంగిచూడరాదు. అవసరానికి మించిన తాళం అడిగితే వెనక వరుస పెరుగుతుంది. తక్కువ అడిగితే లెక్క తప్పుతుంది.

ఇంకో చిక్కుంది. ఒక గుమాస్తా సర్వీసు రిజిస్టరు పట్టుకొని పెన్షను ఫైలు కోసం కూర్చున్నాడు. రెండోవాడు పెన్షను ఫైలు పట్టుకొని సర్వీసు రిజిస్టరు కోసం కూర్చున్నాడు. ఇద్దరూ నియమం ప్రకారమే ఉన్నారు, రిటైరైనవాడు మాత్రం మెట్లు ఎక్కి దిగుతూనే ఉన్నాడు. ఇది మనకు అనుభవమే. వి.ఎం.ఎస్. తాళాల గుమాస్తా ఇలాంటి చుట్టును వెతికి పట్టుకొని, ఒకరి అర్జీని తిప్పి పంపి దారి తెరుస్తాడు. మన రోజుల్లో ఆ పని చేసే గుమాస్తా లేడు.

పప్పులోని తాళం

ఆపరేటింగ్ సిస్టమ్ నడిమధ్య ఉండే భాగాన్ని కెర్నల్ అంటారు. పలాస మిత్రులకు ఈ మాట కొత్త కాదు. జీడిపప్పు ఎగుమతి కాగితాల్లో పప్పును కెర్నల్ అనే రాస్తారు. పైతొక్క ఎన్ని ఉన్నా విలువంతా పప్పులోనే. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండు విద్యార్థి మొదలుపెట్టిన లినక్సు కెర్నల్, ప్రపంచం నలుమూలలవారూ చేయి వేసి పెంచినది. మన చేతి ఆండ్రాయిడ్ ఫోనులోనూ అదే ఉంది.

ఒక కంప్యూటరులో ఒకటికి మించి ప్రాసెసర్లు పెట్టే రోజులు వచ్చినప్పుడు, 1996లో వచ్చిన లినక్సు 2.0లో కెర్నల్ మొత్తానికి ఒకటే పెద్ద తాళం వేశారు. ఆఫీసంతటికీ ఒకటే తాళంచెవి అన్నమాట. భద్రంగానే ఉంది, కాని అందరూ ఒకడి కోసం ఆగాలి. దాన్ని కొద్దికొద్దిగా విడదీసి, చిన్న తాళాలు పెట్టి, పూర్తిగా తీసేసరికి 2011 మే నెల వచ్చింది. వేయడానికి ఒక విడుదల, తీయడానికి పదిహేనేళ్ళు.

అనేక యంత్రాలకు కలిపి వేసే తాళాల గుమాస్తా లినక్సు కెర్నల్‌లోకి 2006 నవంబరులో, 2.6.19తో చేరాడు. తాళాలు అవే ఆరు రకాలు. ఇరవై రెండేళ్ళ క్రితం వి.ఎం.ఎస్.లో రాసిన నియమాలను మార్చనక్కరలేకపోయింది. మంచి కోడు పుస్తకం అంటే అదీ.

చెవి పట్టుకున్నవాడు రాకపోతే

ఇక మూడో ప్రశ్న. తాళం పట్టుకున్న యంత్రం చెడిపోతే? అందుకని యంత్రాలు తాము బతికే ఉన్నామని క్షణక్షణం ఒకదానికొకటి తెలుపుకోవాలి. లినక్సులో వాటి మధ్య ఒక టోకెను చుట్టూ తిరుగుతుంటుంది. మన రైలు గోళానికి ఉన్న పేరే. అది సమయానికి రాకపోతే ఎవరో తప్పిపోయారని గ్రహిస్తారు. తీగ తెగి యంత్రాలు రెండు ముఠాలైతే, సగానికి మించి ఉన్న వైపే పని కొనసాగిస్తుంది. మన సర్వసభ్య సమావేశానికి కోరం ఎలాగో అలాగే. తప్పిపోయినదాన్ని కంచె అవతల పెడతారు. చాలాచోట్ల దానికి కరెంటే తీసేస్తారు. ఆ తరువాతే దాని తాళాలు ఇతరులకు దక్కుతాయి.

ఇది విన్నప్పుడు నాకు మనం ఏటా ఇచ్చే జీవన ప్రమాణ పత్రం గుర్తుకొచ్చింది. పత్రం అందకపోతే పింఛను ఆగుతుంది. చనిపోయారనా? కాదు, బతికున్నారని తెలియలేదని. ఈ రెండూ వేరు. ఉద్దానంలో ఒక పల్లెలో ఫ్యామిలీ పెన్షను మీద బతికే పెద్దావిడ ఇచ్చిన పత్రం ఒక కార్యాలయంలో ఎక్కడో కాగితాల కింద పడిపోయి, ఆమెకు నాలుగు నెలలు పింఛను రాలేదు. ఆమె మందులు అప్పుమీద కొనుక్కుంది. చివరికి మనుమడు ఆటోలో తీసుకెళ్ళి ఎదుట నిలబెడితే బకాయితో సహా వచ్చింది. యంత్రాన్ని కంచె అవతల పెడితే దానికి ఆకలి ఉండదు. మనిషి విషయంలో ఆ నియమం వాడేవారు ఒకసారి కబురు పెట్టి చూడాలి.

పాత తాళం తీయడం

మా మేనల్లుడి ఉద్యోగం కొత్త తాళాలు చెయ్యడం కాదు, పాతవాటిని శుభ్రం చెయ్యడం. లినక్సు తాళాల గుమాస్తాను ఎన్నో ఏళ్ళుగా చూసుకుంటున్న డేవిడ్ టీగ్లాండ్, తరువాత చేరిన అలెగ్జాండర్ ఆరింగ్ చేసిన పని చూస్తే ఆ ఉద్యోగం విలువ తెలుస్తుంది. యంత్రాల మధ్య తీగ ఒకసారి తెగి మళ్ళీ కలిస్తే, దారిలో ఉన్న కబుర్లు పోయే ప్రమాదం ఉండేది. 2021లో ప్రతి కబురుకు వరుస సంఖ్య వేసి, అందినట్టు రసీదు వచ్చేదాకా నకలు ఉంచుకొనే ఏర్పాటు చేర్చారు. మన తపాలా బట్వాడా పుస్తకమే అది. 2022లో, ఎవరూ వాడుతున్నట్టు తెలియని కాలపరిమితి సదుపాయాలను తీయదలచారు. వెంటనే తీయలేదు. తీసేయబోతున్నామని ముందు హెచ్చరిక పెట్టారు. కావాలన్నవారు అడగడానికి గడువిచ్చారు. ఆ తరువాతే తీశారు.

ఈ ఓపిక ఎందుకో మనకు తెలుసు. నేనెరిగిన ఒక కార్యాలయంలో, బిల్లు పంపే ముందు నంబరు రాసి ఇద్దరు సంతకం పెట్టే రిజిస్టరు ఒకటి ఉండేది. ఎందుకో ఎవరికీ గుర్తులేదు. కొత్తగా వచ్చిన అధికారి కాలహరణం అని ఆపించారు. కొన్నాళ్ళకు ఒకే బిల్లు రెండు సార్లు చెల్లింపయింది. అప్పుడు తెలిసింది ఆ రిజిస్టరు దేనికో. అలాగని పాతవన్నీ ఉంచమని కాదు. నిజంగా చచ్చిన రిజిస్టర్లు కూడా ఎన్నో మోశాం. తాళం తీసేముందు అది ఎవరిని కాపాడుతోందో కనుక్కోవాలి, చెప్పి తీయాలి, తీశాక కొన్నాళ్ళు చూడాలి.

మన ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో విశాఖ ఆస్పత్రికి రైలెక్కిన కుటుంబాలు ఎన్నో. అంత రాత్రి ఆ రోగికి రాసిన బెర్తు మీద మరొకరు పడుకొని లేకపోవడానికి వెనక, ఎవరో ఒక మూల కూర్చొని తాళాల లెక్క సరిచూసిన శ్రమ ఉంది. లెక్క సరిగా ఉన్నన్నాళ్ళు ఆ మనిషి ఉన్నాడనే ఎవరికీ తెలియదు. మనమూ అలాగే పనిచేశాం. మీ పిల్లలూ మనుమలూ ఈ కంప్యూటరు కొలువుల్లో ఉంటే, కొత్తగా ఏం కట్టావని గాక, పాతది ఏం బాగుచేశావని ఒకసారి అడగండి. చెప్పడానికి వాళ్ళ దగ్గర చాలా ఉంటుంది. ఈ ఏటి జీవన ప్రమాణ పత్రం ఇంకా ఇవ్వని సభ్యులు ఇచ్చి, రసీదు తప్పక తీసుకోగలరు.

ఒక విశ్రాంత గుమాస్తా, బారువ