విద్యుత్ కారులో కీచుధ్వని
విద్యుత్ కారు నడుస్తున్నప్పుడు గాని, చార్జింగులో ఉన్నప్పుడు గాని ఇన్వర్టర్, మోటారు, గేర్లు, చార్జర్ల నుంచి వెలువడే సన్నని, పదునైన శబ్దమే కీచుధ్వని. బ్యాటరీలోని ఏకముఖ విద్యుత్తును ఇన్వర్టర్ సెకనుకు వేలసార్లు స్విచ్ చేస్తూ ఏకాంతర విద్యుత్తుగా మారుస్తుంది. ఈ స్విచింగ్ పౌనఃపున్యం సాధారణంగా 5–20 కిలోహెర్ట్జ్‌ల మధ్య, అంటే మనిషి వినికిడి పరిధిలోనే ఉంటుంది. ఈ స్విచింగ్ వల్ల కలిగే అయస్కాంత బలాలకు మోటారులోని స్టేటర్ (కదలని భాగం), కాయిళ్లు కంపించి మోగుతాయి. ఇంజన్ మోత లేనందున ఆ ధ్వని మరుగునపడదు. వయసుతో హెచ్చు పౌనఃపున్యాల వినికిడి తగ్గుతుంది కనుక పెద్దలు గుర్తించని కూత కూడా పిల్లలను ఇబ్బంది పెట్టగలదు.

స్విచింగ్ పౌనఃపున్యాన్ని పెంచడం లేదా యాదృచ్ఛికంగా మార్చడం, మోటారుకు ధ్వనిశోషక కవచం తొడగడం ప్రధాన నివారణలు. పాదచారుల భద్రతకు గంటకు 20 కిలోమీటర్ల వరకు వినిపించే హెచ్చరిక ధ్వని వేరు; యూరోపియన్ యూనియన్‌లో 2021 జులై నుంచి కొత్త విద్యుత్ కార్లన్నిటికీ అది తప్పనిసరి.